దొర వాటా

ఉడికిన కోడిమాంసంలోంచి ఎముకలు ఏరుతోంది ఆమె. ఇది కళ్ళతో అయ్యే పని కాదు. చూపుకు ఆనని సన్నటి ఎముక కూడా వేలికొసకు దొరికిపోతుంది. అందుకని కిటికీలోంచి బయటికి చూస్తూనే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కొక్క పోగునూ నలిపి, మెత్తగా తగిలినదాన్ని గిన్నెలోకీ, గరుకుగా తగిలినదాన్ని పొయ్యి పక్కన పరిచిన పాత కాగితం మీదకీ వేస్తోంది. బయట ఇంకా సరిగా తెల్లారలేదు. ఎదురింటి గోడ మీద పిల్లి ఒకటి ఈ వాసనకు తిష్ఠ వేసుకుని కూర్చుంది.

రెండో పొయ్యి మీద బియ్యం, గుమ్మడికాయ ముక్కలు, తురిమిన క్యారెట్టు కలిసి ఉడుకుతున్నాయి. నీళ్ళు ఎక్కువే పోసింది. మెతుకు మెతుకుగా విడిపోతే పనికిరాదు. గరిటె ఎత్తితే ముద్ద నెమ్మదిగా జారాలి. కోడి ఉడికిన నీళ్ళను చల్లార్చి, పైన పేరుకున్న కొవ్వును చెంచాతో తీసి పారేసింది. ఉల్లిపాయ లేదు, వెల్లుల్లి లేదు, కారం లేదు, నూనె లేదు. ఉప్పు అసలే లేదు. దింపే ముందు ఉడికించిన గుడ్డును చేత్తో చిదిపి కలుపుతుంది. అంతే వంట. రుచి చూడటానికేమీ ఉండదు కనుక చూడదు.

"ఏమే పిచ్చుకా, దొరగారి భోజనం అయిందా?" పక్క గదిలోంచి అన్నయ్య గొంతు.

"అవుతోంది. దొరగారిదీ, ఆయన గుమాస్తాదీ."

అవతల నవ్వు వినిపించింది. నవ్వు వెనకాలే దగ్గు. దగ్గు ఆగేదాకా ఆమె చెయ్యి గరిటె మీదే ఆగిపోయి, తర్వాత మళ్ళీ తిరిగింది.

పిచ్చుక అన్నది ఆమె పేరు కాదు. చిన్నప్పుడు ఎప్పుడు చూసినా ఆకలి ఆకలి అంటూ నోరు తెరుచుకుని ఉండేదని అన్నయ్య పెట్టిన పేరు. తల నెరిసి, కళ్ళద్దాలు వచ్చి, పరుగులాంటి నడక కాస్తా ఈడ్పు నడక అయినా ఆ పేరు మాత్రం రెక్కలు ముడవలేదు.

దొర అంటే వాళ్ళ కుక్క. గోధుమ రంగుది, మూతి దగ్గర మాత్రం ముగ్గు పూసినట్టు తెల్లబడింది. ఒక చెవి ఎప్పుడో ఏదో పోట్లాటలో చిరిగింది. అన్నయ్య లారీలకు రంగులు వేసే షెడ్డులో పనిచేసిన రోజుల్లో, ఒక వానరోజు ఎక్కడినుంచో వచ్చి నేరుగా యజమాని కుర్చీ కింద పడుకుంది. యజమాని వచ్చినా లేవలేదు. కాలితో నెడితే ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసింది. "ఇది మనకంటే పెద్ద దొరరా" అన్నాడట యజమాని. ఆ సాయంత్రం అన్నయ్య వెనకాలే ఇంటికి వచ్చింది. ఇక్కడా అదే తీరు. పోస్టు తెచ్చే మనిషి వచ్చినా, ఇంటి యజమానురాలు వచ్చి తలుపు బాదినా, పడుకున్నచోటి నుంచి లేవడమన్నది లేదు. అన్నం గిన్నె కూడా దాని దగ్గరికే వెళ్ళాలి. ఆ గిన్నె మీద అన్నయ్య లారీ రంగులతో రెండు కోరమీసాలు దిద్దాడు. సొట్టలు పడి పెచ్చులూడినా మీసాలు మాత్రం ఇంకా మెలితిరిగే ఉన్నాయి.

పోయిన చలికాలంలో ఇద్దరికీ ఒకేసారి జబ్బు చేసింది. అన్నయ్యకు పాదాలు వాచి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చింది. గుండె అలిసిపోయిందన్నాడు డాక్టరు. ఉప్పు మానాలి, నూనె మానాలి, మెత్తగా, బలంగా తినాలి. "తింటున్నంతకాలం భయపడకండి. తిండి తగ్గితే మాత్రం వెంటనే చెప్పండి" అన్నాడు. ఆ మాటను ఆమె తాళంచెవిలా భద్రంగా పట్టుకుంది. అదే నెలలో దొరకు పళ్ళు ఊడి, ఏం తిన్నా కక్కడం మొదలైంది. సందు చివర కుక్కల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళితే, బిస్కెట్లు ఆపమంది. ఇంట్లోనే వండి పెట్టమంది. బియ్యం, గుమ్మడికాయ, ఎముకల్లేని కోడి, గుడ్డు. ఉప్పు వద్దు, నూనె వద్దు. ఉల్లిపాయ మాత్రం వాసన కూడా తగలనివ్వకూడదు, కుక్కలకది విషం.

ఇంటికొచ్చి ఇద్దరు డాక్టర్లూ చెప్పినది పక్కపక్కన పెట్టుకుని చూస్తే పథ్యం ఒక్కటే. రెండు కుండలెందుకు, ఒక్కటి చాలనుకుంది.

మొదట్లో అన్నయ్య చేసిన గోల అంతా ఇంతా కాదు. "లారీకి అడుగుపూత వేస్తామే, అది ఇంతకంటే రుచిగా ఉంటుంది" అనేవాడు. "నా తిండి కుక్కకి పెడుతున్నావా, కుక్క తిండి నాకు పెడుతున్నావా? అది తేల్చు ముందు." అతని బాధ చూడలేక అతని పళ్ళెంలో మాత్రం సగం నిమ్మకాయ పిండి, కాస్త మిరియాల పొడి చల్లేది. అది కాస్త నయం అనేవాడు. అలాంటిది ఎండలు మొదలైన కొత్తలో తనే అన్నాడు, "నిమ్మకాయ పిండకే. మిరియాలూ వద్దు. దొరకెలా పెడుతున్నావో నాకూ అలాగే పెట్టు. అలవాటైపోయింది."

ఆ రోజు ఆమెకు ఎంత హాయిగా అనిపించిందో. మొండి మనిషి దారికొచ్చాడనుకుంది. ఆ రోజు నుంచీ పళ్ళెం కూడా శుభ్రంగా ఖాళీ అవుతోంది.

కుండ దింపి, పెద్ద గరిటెతో ఒక వాటా స్టీలు పళ్ళెంలోకి, అంతే వాటా మీసాల గిన్నెలోకి వేసింది. రెండింటి మీదా ఆవిరి లేస్తోంది. పళ్ళెం తీసుకెళ్ళి అన్నయ్య కుర్చీ పక్కనున్న ఎత్తుపీట మీద పెట్టింది. గిన్నె దొర ముక్కు ముందు పెట్టింది. దొర కళ్ళు తెరవకుండానే తోక ఒక్కసారి నేలకేసి కొట్టింది.

"చల్లారాక తింటాలే. నువ్వు పో. ఆలస్యమైతే లాండ్రీలో ఆ కౌంటరు పిల్ల నీ చెవులు మెలిపెడుతుంది" అన్నాడు.

"నా ముందు రెండు ముద్దలు తినొచ్చుగా."

"కాలుతోందే."

అతని మీద బూడిదరంగు చొక్కా ఉంది. మొన్న ఆమే ఇస్త్రీ చేసింది. కాలరు మెడ చుట్టూ వదులుగా, లేగదూడ మెడలో పెద్ద పలుపులా కనిపించింది. పై బొత్తం పెట్టింది. పెట్టాక కూడా లోపల తన పిడికిలి పట్టేంత సందు మిగిలింది.

"పాతబడ్డ నూలు. సాగిపోతోంది" అంది.

"అంతే అయ్యుంటుంది" అన్నాడు అన్నయ్య.

*

ఆమె పనిచేసే లాండ్రీ రెండు సందుల అవతల. ముందు భాగంలో కౌంటరు, వెనక పొడుగాటి గది. ఆ గదిలో నాలుగు బల్లలు ఉండేవి. యంత్రం వచ్చాక మూడు బల్లలు పోయాయి. దుప్పట్లు, తువ్వాళ్ళు, తెరలు యంత్రం చూసుకుంటుంది. చొక్కాలు మాత్రం ఇంకా ఆమెవే. యంత్రానికి కాలరు సంగతి తెలియదని యజమాని అంటూ ఉంటాడు.

ఆమె కాలరును ఎప్పుడూ కొసల నుంచి మధ్యకు తెస్తుంది. మధ్య నుంచి కొసలకు తోస్తే బట్ట జరిగి చివర ముడత కూర్చుంటుంది. కాలరు, భుజాలు, ముంజేతి పట్టీలు, చేతులు, చివరికి వీపు. నీళ్ళు చిలకరించేటప్పుడు ఎడమచేతి వేళ్ళు పువ్వులా విచ్చుకుంటాయి. కుడి ముంజేతి మీద ఇస్త్రీపెట్టె ముక్కు తగిలి కాలిన మచ్చలు, పాతవి తెల్లగా, కొత్తవి గులాబీరంగులో. ఏళ్ళ తరబడి ఒకే బల్ల ముందు నిలబడటంతో ఆమె నిలబడే చోట నేల నున్నగా మెరుస్తుంది. ఆమె గురించి ఎవరైనా చెప్పాలంటే ఆ మెరుపు గురించే చెప్పాలి. పెళ్ళి మాట రెండుసార్లు వచ్చి రెండుసార్లూ ఆగిపోయింది. ఎందుకని అడిగినవాళ్ళకు "మా అన్నయ్యకి వండిపెట్టేదెవరు" అని నవ్వేది. అన్నయ్యను అడిగితే "మా పిచ్చుకని చూసేదెవరు" అనేవాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు నెట్టుకుంటూనే ముసలివాళ్ళయిపోయారు.

"అక్కా, ఇవాళ దొరగారికి ఏం వడ్డించావు?" కౌంటరు దగ్గరి అమ్మాయి చొక్కాల మూట తెచ్చి బల్ల మీద పడేస్తూ అడిగింది.

"ఎప్పుడూ పెట్టేదే. కోడి, గుమ్మడికాయ, గుడ్డు."

"మా ఆయనకి చెప్పకు. మెడలో పట్టీ కట్టుకుని మీ ఇంటికి వచ్చేస్తాడు."

"వస్తే రానీ. ఉప్పుండదని చెప్పు, మళ్ళీ వెనక్కి పరిగెత్తుతాడు."

ఆ అమ్మాయి పకపకా నవ్వి, కాస్త గొంతు తగ్గించి అడిగింది. "మీ అన్నయ్య తింటున్నాడా అక్కా?"

"పళ్ళెం కడగక్కర్లేదు. అద్దంలా ఉంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే, నేను పీట వేసుకుని కూర్చునేలోపల తినేసేవాడు. అంత తొందర."

"ఇంకేం, అయితే భయం లేదు."

"భయమేం లేదు" అంది ఆమె, తెల్లచొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టెను పొడుగ్గా లాగుతూ. కాసేపాగి, చొక్కా మడతపెడుతూ, "చొక్కాలే సాగిపోతున్నాయి. ఉతికి ఉతికి" అంది.

కౌంటరు అమ్మాయి అప్పటికే సగం దూరం వెళ్ళింది. వెనక్కి తిరిగి, "సాగడమేంటక్కా? నూలు ఉతికితే కుంచించుకుపోతుందని పోయినవారం ఆ లావాటాయనతో నువ్వే కదా వాదించావు. చొక్కా మేమే పాడుచేశామని ఆయన గొడవ చేస్తే..." అంది.

"అవునవును" అంది ఆమె. మడత పెట్టిన చొక్కాను ఎందుకో మళ్ళీ విప్పింది. మళ్ళీ మడిచింది.

మధ్యాహ్నం ఒక పూట సెలవు అడిగి పెట్టుకుంది. దొర ఈమధ్య నడుస్తుంటే రొప్పుతున్నాడు, పొట్ట నేలకు తగులుతోంది. ఒకసారి చూపించాలి. సాయంత్రానికి ఇవ్వాల్సిన చొక్కాలు ముగించి, ఇస్త్రీపెట్టెను నిలువుగా పెట్టి, ఇంటికి బయల్దేరింది.

ఇంట్లో అన్నయ్య కుర్చీలోనే తల వాల్చి కునుకుతున్నాడు. పళ్ళెం పీట మీద లేదు. పీట కింద, గోడకు ఆనుకుని ఉంది. రోజూ అక్కడే ఉంటుంది. తిన్నాక కింద పెట్టి, కాలితో పక్కకి నెట్టి ఉంటాడని ఆమె అనుకునేది. వంగి తీసింది. ఒక్క మెతుకు లేదు. అంచుల దాకా తళతళలాడుతోంది. ఎప్పట్లాగే ఆమె గుండెలో ఏదో కాస్త కుదుటపడింది.

మీసాల గిన్నె కూడా ఖాళీయే. అదీ గోడ దాకా జరిగి ఉంది. దొర నాకుతూ నాకుతూ గిన్నెను ముందుకు తోసుకుపోతాడు. గోడ అడ్డం వచ్చినచోట ఆగుతాడు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఆమె చూసింది. కానీ చూసినదంతా వెంటనే లోపలికి వెళ్ళదు కదా.

*

డాక్టరమ్మ దగ్గర గుమ్మంలోనే బల్లపరుపు తూకం ఉంది. దొరను దాని మీదకు ఎక్కించడానికి ముందు నుంచి ఒకరు లాగి, వెనక నుంచి ఒకరు తొయ్యాల్సి వచ్చింది. ఎక్కాక మరి దిగనన్నాడు. అక్కడే పడుకున్నాడు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, మాట మాత్రం గట్టిది. ముల్లును చూసి కనుబొమలు ఎగరేసింది.

"ఏం పెడుతున్నారమ్మా వీడికి?"

"మీరు చెప్పిందే. పొద్దున ఒక పెద్ద గరిటె. సాయంత్రం సగం గరిటె."

"కొలిచేనా?"

"అదే గరిటె డాక్టరమ్మా. మార్చలేదు."

డాక్టరమ్మ దొర పొట్ట నొక్కి చూసింది, పక్కటెముకలు ఎక్కడున్నాయో వేళ్ళతో వెతికింది, చెవి పెట్టి ఊపిరి విన్నది. వంట బాగా చేస్తున్నారని మెచ్చుకుంది. బొచ్చు మెరుస్తోంది, కక్కడం ఆగింది, కళ్ళు తేటగా ఉన్నాయి. "జబ్బేం లేదు. తిండి ఎక్కువైంది, అంతే. మీరు చెప్పే గరిటెకి ఈ పొట్ట రాదు. ఇంట్లో ఇంకెవరో చాటుగా పెడుతున్నారు. పిచ్చి ప్రేమ కొద్దీ పెడతారు, వీడికేమో ఆయాసం. ఎవరో చూసి మందలించండి."

"మా ఇంట్లో ఇంకెవరున్నారు డాక్టరమ్మా? నేనూ, మా అన్నయ్యా. అన్నయ్యకి కూడా దొరకి పెట్టేదే పెడతాను, ఉప్పూ పులుపూ లేకుండా..."

ఆమె వంగి దొర పొట్ట వైపు చూసింది.

డాక్టరమ్మ ఇంకేదో చెప్పింది. రోజూ కాస్త నడిపించమంది కాబోలు. ఆమె తల ఊపింది.

బయటికొచ్చాక దొర తన పద్ధతిలో నడిచాడు, స్తంభం స్తంభం దగ్గరా ఆగుతూ. ఆమె తొందరపెట్టలేదు. నిమ్మకాయ వాసన తగిలితే దొర మూతి తిప్పుకుంటాడు. అది ఆమెకు తెలుసు. ఒకసారి పొరపాటున అన్నయ్య పళ్ళెంలోది దొర గిన్నెలో పడితే వాడు తుమ్మి తుమ్మి, గిన్నె వదిలేసి కూర్చున్నాడు. ఆ రోజు అన్నయ్య ఎదురుగానే ఉన్నాడు. నిమ్మకాయ వద్దన్నది ఆ తర్వాతే.

మనిషి తిన్న పళ్ళెంలో వేళ్ళ గీతలు ఉంటాయి. అంచుకు ఒక మెతుకైనా అంటుకుంటుంది. అద్దంలా ఉండదు.

తల్లి పోయిన ఏడాది అన్నయ్యకు ఇంకా మీసం కూడా సరిగా రాలేదు. షెడ్డులో కుంచెలు కడిగే పని. సాయంత్రం పొట్లంలో అన్నం తెచ్చేవాడు, చేతులు కిరసనాయిలు వాసన వేస్తుండేవి. ఆమె కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చునేసరికి అతని పళ్ళెం ఖాళీగా ఉండేది. "నేను తినేశానే. ఆకలి ఆగలేదు. నీది నువ్వు తిను" అనేవాడు. ఆమె తినేది. ఒక్కోసారి చాలక అతని పళ్ళెం వైపు చూస్తే, తిప్పి చూపించేవాడు, చూడు, ఒక్క మెతుకు కూడా మిగల్లేదు. ఆ పళ్ళెమూ అద్దంలాగే ఉండేది. ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే, అన్నయ్య చాలా తొందరగా తింటాడు. ఇవాళ పొద్దున కూడా అదే చెప్పింది. ఇన్నేళ్ళుగా అందరికీ అదే చెప్పుకుని నవ్వుతోంది.

దారి పక్కన అరుగు మీద కూర్చుంది. దొర ఆమె పాదాల మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. బరువుగా, వెచ్చగా ఉన్నాడు. ఆ వెచ్చదనంలో అన్నయ్య తినని ముద్దలన్నీ ఉన్నాయి. దొర మీద కోపం రావాలనిపించింది, రాలేదు. వాడి వీపు నిమిరింది. పెట్టింది తిన్నాడు. ఆమె కూడా అంతే కదా చేసింది.

*

ఇంటికి వచ్చి తలుపు తీసేసరికి అన్నయ్య మేలుకునే ఉన్నాడు. కిటికీలోంచి ఎదురింటి పిల్లిని చూస్తున్నాడు.

"ఏమంది మీ డాక్టరమ్మ?"

"బాగానే ఉన్నాడంది."

వంటగదిలోకి వెళ్ళింది. సాయంత్రానికని ఉంచిన అన్నంలోంచి చిన్న గరిటెడు తీసి వెచ్చబెట్టింది. అన్నయ్య వంటకి చలికాలం నుంచీ తెరవని ఉప్పు డబ్బా మూత తీసింది. చిటికెడు తీసుకుని, చెయ్యి అలాగే పట్టుకుని కాసేపు నిలబడింది. ఇదే అతనికి విషమన్నారు. ఇన్నాళ్ళూ దాని జోలికి పోలేదు. వేసింది. నిమ్మకాయ కోసి పిండింది. ఒక గింజ జారి అన్నంలో పడింది, తియ్యలేదు.

పళ్ళెం పట్టుకుని వచ్చి, ఈసారి ఎత్తుపీట మీద పెట్టలేదు. తనే పీట మీద కూర్చుని పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. వాసన అతని దాకా వెళ్ళింది. కింద దొర తల ఎత్తి, వాసన చూసి, మూతి పక్కకు తిప్పుకున్నాడు.

అన్నయ్య దొరను చూశాడు. తర్వాత పళ్ళేన్ని. తర్వాత ఆమెను.

"నిమ్మకాయ పిండావా?"

"పిండాను."

"వాడు తినడే మరి."

"తినడు."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"ఎవరు చెప్పారు?" అన్నాడు చివరికి.

"తూకం."

అన్నయ్య నవ్వాడు. పొట్ట కదలని, పెదాలతో మాత్రమే నవ్విన నవ్వు. "దొంగవెధవ, ఇంత లావెక్కి పట్టించాడన్నమాట" అన్నాడు దొరను చూస్తూ.

"డాక్టరుకి చెప్పేదాన్ని కదా అన్నయ్యా. తిండి తగ్గితే చెప్పమన్నాడు."

"తగ్గలేదే. ఆగిపోయింది. గొంతు దిగట్లేదు. పాలు దిగుతున్నాయి, అంతే." ఆ మాటను ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పాడు. "డాక్టరేం చేస్తాడు? గొట్టాలు పెడతాడు. ఎక్కడో మంచం మీద పడేస్తారు. నాకీ కిటికీ బాగుంది. పిల్లి కూడా అలవాటైంది."

"నాకు చెప్పొచ్చుగా."

"ఎలా చెప్పను? తెల్లారకముందే లేచి ఒక్కొక్క ఎముకా ఏరుతావు. ఆ చప్పుడు నాకు వినిపిస్తుంది తెలుసా, కాగితం మీద టక్కు టక్కుమని. సాయంత్రం వచ్చి ఖాళీ పళ్ళెం చూసి నీ మొహం అలా విచ్చుకుంటుంది. మిగిల్చి నీకెలా చూపించను?"

ఆమెకు చెప్పాల్సింది చాలా ఉంది. పొట్లం అన్నం గురించి, తిప్పి చూపించిన పళ్ళెం గురించి. నోరు తెరిచింది. అన్నయ్య ఆమె తెరిచిన నోటిని చూసి, "అదిగో, పిచ్చుక" అన్నాడు. ఆ ఒక్క మాటతో అడగాల్సిందీ చెప్పాల్సిందీ అయిపోయినట్టే అయింది.

"మిగిలితే మిగలనీ అన్నయ్యా" అంది. "ఇకమీద మిగిల్చు. నేను చూస్తాను. ఏం కాదు."

"ఉప్పేశావా?"

"వేశాను."

"అయితే పెట్టు. ఒక్క ముద్ద."

ఉసిరికాయంత ముద్ద చేసి నోట్లో పెట్టింది. అతను కళ్ళు మూసుకున్నాడు. దవడలు నెమ్మదిగా కదిలాయి. గొంతు దగ్గర ముడి పైకి లేచి, ఆగి, కష్టంగా దిగింది. తర్వాత అన్నయ్యే చెయ్యి చాచి, మూడు వేళ్ళతో పళ్ళెంలోంచి ఇంకో చిన్న ముద్ద తీసుకున్నాడు. రంగుల మరకలు ఎప్పుడో పోయాయి కానీ గోళ్ళ మూలల్లో నీలం ఇంకా సన్నటి గీతలా ఉంది.

"బాగుందే" అన్నాడు. "వంట వచ్చు నీకు. ఇన్నాళ్ళూ ఉప్పు డబ్బా దాచిపెట్టి నన్ను మోసం చేశావు."

"నువ్వు నన్ను చేసినదానికంటేనా?"

"అదీ నిజమే." వేళ్ళు నాక్కున్నాడు. "మిగతాది అక్కడ పెట్టు. కాసేపాగి చూస్తాను."

ఆమె పళ్ళేన్ని ఎత్తుపీట మీద పెట్టింది. తడిబట్టతో అతని చెయ్యి తుడిచింది, మూతి తుడిచింది. కాలరు సర్దింది. సందులో తన చెయ్యి పెట్టి, మెడ మీద ఒక్క క్షణం ఉంచింది. వెచ్చగా ఉంది.

"కుండ తోమి వస్తాను. వచ్చి పక్కన కూర్చుంటాను. సాయంత్రం ఎక్కడికీ వెళ్ళను."

"ఊ" అన్నాడు. పిల్లి వైపు చూస్తున్నాడు.

వంటగదిలో పొద్దుటి కుండ అడుగున అంటిన అన్నం నానుతోంది. పీచుతో రుద్దడం మొదలుపెట్టింది. రుద్దుతూ లెక్కలు వేసుకుంది. పాలు దిగుతున్నాయన్నాడు. పాలల్లో గుమ్మడికాయ మెత్తగా గుజ్జు చేసి వడకడితే దిగొచ్చు. అన్నం ఉడికిన గంజిలో చిటికెడు ఉప్పు. రేపు లాండ్రీకి సెలవు పెట్టాలి. డాక్టరును ఇంటికే రమ్మని అడగాలి, గొట్టాలు వద్దని ముందే చెప్పాలి. ఇక దొర కుండ వేరు, అన్నయ్య కుండ వేరు.

వెనకాల గోళ్ళ చప్పుడయింది. నేల మీద మెల్లగా, ఒకటి తర్వాత ఒకటి.

తిరిగి చూసింది. దొర వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎవరొచ్చినా లేవని దొర, అన్నానికి కూడా లేవని దొర, తనంతట తాను లేచి, గది దాటి నడిచొచ్చాడు. మొరగలేదు. తోక ఊపలేదు. ఆమె మొహంలోకి చూస్తూ ఊరికే నిలబడ్డాడు.

ఆమె చేతిలోని పీచు కుండలోకి జారింది. కొళాయి తిప్పి నీళ్ళు ఆపింది. తడిచేతులు చీరకు తుడుచుకుంది, వేలు వేలూ విడివిడిగా. తొందరపడితే నిజమైపోతుందన్నట్టు తుడుచుకుంది.

అన్నయ్య కిటికీ వైపే తిరిగి ఉన్నాడు. ఎదురు గోడ మీద పిల్లి లేదు.

సాయంకాలానికి గది నిండింది. ఇంటి యజమానురాలు వచ్చింది. షెడ్డులో అతని దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు రంగుచేతులతోనే వచ్చి గోడవారగా నిలబడ్డారు. కౌంటరు అమ్మాయి వచ్చి ఆమెను పట్టుకుని తనే ముందు ఏడ్చింది. ఆమె లేచి, పెట్టె తెరిచి, అన్నయ్య తెల్లచొక్కా తీసింది. ఎవరెంత చెప్పినా వినకుండా ఇస్త్రీ చేసింది, కాలరు కొసల నుంచి మధ్యకు. వదులుగా ఉన్నచోట వీపు వెనక మడిచి, లోపల రెండు కుట్లు వేసింది. ఈసారి కాలరు మెడకు సరిగ్గా కూర్చుంది.

ఎవరో గది సర్దుతూ ఎత్తుపీట మీది పళ్ళెం ఎత్తబోయారు. "ఇది కుక్కకి పెట్టేయమంటారా?"

"ఉండనివ్వండి" అంది ఆమె.

అన్నయ్యను తీసుకెళ్ళాక గదిలో ఆమె, దొర, ఖాళీ కుర్చీ మిగిలారు. వెలుతురు కిటికీ అంచు దాకా తగ్గింది. దొర పీట కిందే పడుకున్నాడు, గడ్డం ముందుకాళ్ళ మీద పెట్టుకుని, పైకి చూడకుండా. పీట మీద పళ్ళెంలో అన్నం అలాగే ఉంది, ఒక పక్క ఆరిపోయిన నిమ్మగింజ, ఇంకో పక్క మూడు వేళ్ళు ముద్ద తీసుకున్నచోట చిన్న గుంట.